ఏడు సెకన్లు

ఫారానికి ముప్పై ఐదు రూపాయలు.
తలుపు తీయకపోతే ఏమీ లేదు.
పార్సీగుట్ట మెట్ల సందుల్లో
పొద్దుటి నుంచి ఇది పందొమ్మిదో గడప.
ట్యాబులో బ్యాటరీ నలభై శాతం,
నాలో అంతకన్నా తక్కువ.

తలుపు తీసింది ఆమె.
జవాబు లోపలి మంచం మీద నుంచి వచ్చింది:
"మా ఇంట్ల నాలుగోట్లు. నాలుగూ ఒక్కదానికే. రాసుకో."
పేరడిగాను. అదీ ఆయనే చెప్పాడు, అండాలు.
వయసు దగ్గర మాత్రం తడబడ్డాడు.
ఆమె వేళ్లతో చూపించింది,
ముందు నాలుగు, తర్వాత ఆరు.

పదకొండు: మీ ఓటు ఎవరికో మీరే నిర్ణయించుకుంటారా?
ఆమె ఆయన వైపు చూడలేదు.
కుక్కర్ వైపు చూసింది.
"ఆయన చెప్పిందేనమ్మా."
నొక్కాను. తెర ఆకుపచ్చగా వెలిగి ముందుకు పోయింది.

పద్నాలుగు: ఆడమనిషిగా మీరెప్పుడైనా వివక్షకు గురయ్యారా?
తరచుగా. అప్పుడప్పుడు. ఎన్నడూ లేదు. చెప్పలేను.
"వివక్షంటే ఏంది బిడ్డా?"
శిక్షణలో నేర్పిన వాక్యం అప్పజెప్పాను:
ఆడవాళ్లని తక్కువగా చూడటం,
రావలసింది రాకుండా చేయటం.
కాసేపు ఆలోచించింది.
"అది రోజుండేదే గదా.
దానికి పేరు గూడ పెట్టిన్రా?"
నవ్వింది. "లేదని రాయి."

కింద చాయ్ హోటల్ దగ్గర శ్రీకర్, ఇరవై మూడు.
మగవాడిగా మీరెప్పుడైనా అని నేను పూర్తిచేయకముందే
"తరచుగా" అన్నాడు.
"బస్సుల సీట్లన్నీ వాళ్లయే. పైసలిచ్చినోడు వేలాడాలె."
అతని మోచేతికి హెల్మెట్ వేలాడుతోంది.
బస్సెక్కి ఎన్నాళ్లయిందన్న ప్రశ్న నా ఫారంలో లేదు.
చాయ్ గ్లాసు తిప్పుతూ, గొంతు తగ్గించి,
"మా నాయినది ఆటో అక్కా. మధ్యాహ్నం దాక బోణీ కాలే" అన్నాడు.
దీనికీ గడి లేదు.
అబద్ధమాడట్లేదు అతను.
దెబ్బ నిజమే.
కొట్టిన చెయ్యి కోసం వెతికితే
దగ్గర్లో ఉన్నవాళ్లు దొరికారు,
సున్నా టికెట్టుతో
బంజారాహిల్స్ పనికి పోయే
వాళ్లమ్మ లాంటివాళ్లు.

ఛార్జర్ మరిచిపోయి మళ్లీ మెట్లెక్కాను.
అండాలు కుళాయి దగ్గర ఒక్కతే ఉంది.
"బిడ్డా, ఆ మిషను కాడ అట్ట అడ్డం పెడ్తరు జూడు,
అండ్ల నిలబడ్డప్పుడు నా ఎనక ఎవ్వరుండరు.
అంత జాగ నాకు మా ఇంట్ల తానం గదిల గూడ లేదు,
ఆడ గూడ తలుపు కొడ్తనే ఉంటరు.
మీట నొక్కినంక పక్క అద్దంల చీటి కనవడ్తది.
ఏడు సెకన్లట, డ్యూటీ చేసిన టీచరమ్మ చెప్పింది.
నేను లెక్కవెడ్త.
ఏడు దాక అది, నేను. అంతే.
తర్వాత కత్తిరించుకొని కింద పడ్తది.
ఇంటికొస్తే 'ఏసినవా' అంటడు.
'ఏసిన' అంట."

బిందె పొర్లుతోంది. ఇద్దరం చూడలేదు.
"మరి పదకొండు మార్చమంటారా?"
"వద్దు. ఆయన చెప్పిందే ఉండనీ."

రాత్రి అమీర్‌పేట ఆఫీసులో
పట్టికలు చూసి మా సారు విసుక్కున్నాడు.
ఆడవాళ్ల డేటా ఎప్పుడూ ఇంతేనట,
సగం "చెప్పలేను", సగం మొగుడి జవాబు.
నేనూ సునయనా గోడవైపు కుర్చీల్లో.
మాకు ముప్పై ఐదు, మగపిల్లలకి నలభై,
పెట్రోలు ఖర్చుంటుందని.
మాకు బస్సు ఊరికే కదా.
మొదటి రోజు శిక్షణలో
మా ఫారాలు మేమే నింపాం.
పద్నాలుగో ప్రశ్నకి
నేను నొక్కింది "ఎన్నడూ లేదు".

పందొమ్మిదో గడప పట్టికలో భద్రంగా ఉంది,
నాలుగోట్లు, నాలుగూ ఒక్కదానికే.
అందులో ఒకటి కాకపోవచ్చని నాకు తెలుసు.
అది దేనికో తెలియదు.
బిందె చంకనెత్తుకుని మెట్లెక్కిపోయింది,
నాక్కూడా చెప్పలేదు.